ఫైల్లో ప్లేస్‌మార్క్ కళ్ల ముందే ఉన్నా క్వెరీకి దొరకట్లేదా? నేమ్‌స్పేస్, ప్రిఫిక్స్‌ల సంగతి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ మండలంలోని చెరువులు 214 గూగుల్ ఎర్త్‌లో గుర్తించి కెఎంఎల్ ఫైలుగా (మ్యాపు గుర్తులు దాచే ఒక రకం ఎక్స్‌ఎంఎల్ ఫైలు) సేవ్ చేశారు. పైథాన్‌తోపాటే వచ్చే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీతో తెరిచి ‘ప్లేస్‌మార్క్’ (ఒక్కో గుర్తుకూ ఫైల్లో ఉండే ట్యాగ్) అని వెతికితే ఖాళీ లిస్టు వచ్చింది. ఫైలు పైనే ‘కెఎంఎల్’ అనే ప్రిఫిక్స్ కనిపిస్తోంది కదా అని ‘కెఎంఎల్:ప్లేస్‌మార్క్’ అని వెతికితే, ఆ ప్రిఫిక్స్ పట్టికలో లేదంటూ ఎర్రర్ వచ్చింది. ఎవరో చెప్పారని ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో లైబ్రరీ వేసుకుని, నేమ్‌స్పేస్ పట్టించుకోకుండా ఉత్త పేరుతో వెతికే లోకల్‌నేమ్ చిట్కా వాడితే పని జరిగింది గానీ, చెరువులు 214 అయితే పేర్లు 215 వచ్చాయి. మిత్రుడు పంపిన పాత కెఎంఎల్ ఫైలొకటి, పార్సర్ (ఫైలు చదివే ప్రోగ్రాం) మొదటి లైన్లోనే ఎర్రర్ కొట్టిన కెఎంజెడ్ ఫైలొకటి కూడా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

పనిచేసే కోడు ముందు ఇచ్చేస్తాను. ఫోన్లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నాను కాబట్టి కోడు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉంది. మీ ఎడిటర్లో మామూలుగా ఇంగ్లీషులో రాసుకోండి.

పట్టిక = {'చె': 'హెచ్‌టిటిపి://డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ.ఓపెన్‌జిఐఎస్.నెట్/కెఎంఎల్/2.2'}
రూట్.ఫైండాల్('.//చె:ప్లేస్‌మార్క్', పట్టిక)

‘చె’ అనేది మీ ఫైల్లో ఎక్కడా లేదు. చెరువు అనే మాటలోంచి నేను తీసుకున్న అక్షరం. అయినా ఇది 214 తెస్తుంది. ఎందుకు తెస్తుందో అర్థమైతే మీ మిగతా ప్రశ్నలు చాలావరకు విడిపోతాయి.

ఈ విషయం తెలుగువాళ్లకు చెప్పడం నిజానికి సులువు, ఎందుకంటే మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, దాన్ని ఇనీషియల్‌గా కుదించి రాసే అలవాటూ ఉంది. హాజరు పట్టీలో ‘కె. శ్రీనివాస్’ అని ఉంటుంది. ఆ ‘కె’ కొల్లి కావచ్చు, కంచర్ల కావచ్చు, కాకర్ల కావచ్చు. ఒకే క్లాసులో ఇద్దరు కె. శ్రీనివాస్‌లు ఉంటే మాస్టారు పిలవగానే ఇద్దరూ లేచి నిలబడతారు. ఇనీషియల్ చూసి మనిషిని గుర్తుపట్టలేం, దాని వెనక ఉన్న పూర్తి ఇంటిపేరు తెలియాలి. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ పూర్తి ఇంటిపేరే నేమ్‌స్పేస్, అంటే పట్టికలో వెబ్ చిరునామాలా కనిపిస్తున్న ఆ పొడవాటి యూఆర్‌ఐ. ప్రిఫిక్స్ అంటే ఇనీషియల్. ప్లేస్‌మార్క్ అంటే ‘శ్రీనివాస్’, దాన్ని లోకల్ నేమ్ అంటారు. పార్సర్ ఫైలు చదవగానే ఇనీషియల్ తీసేసి పూర్తి ఇంటిపేరు పెట్టుకుంటుంది. పోల్చేటప్పుడు చూసేది ఈ జంటనే: యూఆర్‌ఐ, లోకల్ నేమ్. రెండూ అక్షరం అక్షరం కలిస్తేనే మ్యాచ్.

చిన్న ఉదాహరణ చూడండి. నిజం ఫైల్లో అయితే కొటేషన్ల మధ్య పూర్తి యూఆర్‌ఐ ఉండాలి, ఇక్కడ చదవడానికి వీలుగా ఇంటిపేర్లు పెట్టాను.

<ఊరు ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్:క="కొల్లి">
  <క:శ్రీనివాస్/>
  <వీధి ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్:క="కంచర్ల">
    <క:శ్రీనివాస్/>
  </వీధి>
</ఊరు>

రెండు చోట్లా ట్యాగ్ ఒకేలా ఉంది. పార్సర్ దృష్టిలో మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. ప్రిఫిక్స్ ప్రకటన అది ఉన్న ఎలిమెంట్‌కీ, దాని లోపల ఉన్నవాటికీ మాత్రమే చెల్లుతుంది. లోపల ఇంకొకరు అదే అక్షరానికి కొత్త అర్థం ఇస్తే అక్కణ్నుంచి కొత్తదే నడుస్తుంది. అందుకే ఫైలును టెక్స్ట్‌లా చూసి ‘క:శ్రీనివాస్’ అని స్ట్రింగ్ వెతికేవాళ్లు, రెగెక్స్ రాసేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

ఇప్పుడు మీ ఫైలు మొదటి లైనుకు వద్దాం. ఈమధ్య వెర్షన్ల గూగుల్ ఎర్త్ సేవ్ చేసిన ఫైలు తెరిస్తే కెఎంఎల్ అనే రూట్ ట్యాగ్‌లో (అన్నిటికంటే బయట ఉండే ట్యాగ్) మామూలుగా నాలుగు ప్రకటనలు ఉంటాయి. ఒకటి ప్రిఫిక్స్ లేని డిఫాల్ట్ ప్రకటన, ఓపెన్‌జిఐఎస్ చిరునామాకు. రెండోది ‘జిఎక్స్’, గూగుల్ సొంత ఎక్స్‌టెన్షన్లకు. మూడోది ‘కెఎంఎల్’ అనే ప్రిఫిక్స్, మళ్లీ అదే ఓపెన్‌జిఐఎస్ చిరునామాకు. నాలుగోది ‘ఆటమ్’, బ్లాగు ఫీడ్ల కోసం పుట్టిన ఆటమ్ ఫార్మాట్‌కు. మొదటిదీ మూడోదీ ఒకే యూఆర్‌ఐ. చాలామంది ఈ లైను చూసి ఏదో పొరపాటున రెండుసార్లు పడిందనుకుంటారు. పొరపాటేమీ లేదు, ఒకే ఇంటిపేరుకు రెండు పొట్టి రూపాలు, అంతే. ఆ ఫైల్లో ఉత్త ప్లేస్‌మార్క్ అని రాసినా, కెఎంఎల్ అనే ప్రిఫిక్స్‌తో రాసినా తయారయ్యే ఎలిమెంట్ ఒక్కటే.

డిఫాల్ట్ ప్రకటన అంటే ఇంట్లో ఇంటిపేరు పలక్కపోవడం లాంటిది. కొల్లి వారింట్లో ఎవరూ ఒకరినొకరు ‘కొల్లి శ్రీనివాస్’ అని పిలుచుకోరు. పలకనంత మాత్రాన ఇంటిపేరు లేకుండా పోదు. మీ 214 ప్లేస్‌మార్క్‌లకూ ఓపెన్‌జిఐఎస్ అనే ఇంటిపేరు ఉంది, ఫైల్లో రాయలేదంతే. కావాలంటే రూట్.ట్యాగ్ ప్రింట్ చేసి చూడండి. మీసాల బ్రాకెట్లలో యూఆర్‌ఐ మొత్తం, దాని పక్కన కెఎంఎల్ అనే పేరు వస్తాయి. ఈ రాసే పద్ధతిని జేమ్స్ క్లార్క్ పేరు మీద క్లార్క్ నొటేషన్ అంటారు. నేమ్‌స్పేస్ తగాదా ఏదొచ్చినా నేను మొట్టమొదట చేసే పని ఆ ఒక్క ప్రింట్.

అసలు మెలిక క్వెరీలో ఉంది. క్వెరీ ఆ ఇంట్లో ఉండదు, బయట వీధిలో నిలబడి పిలుస్తుంది. మీరు ‘ప్లేస్‌మార్క్’ అని ఉత్త పేరు రాస్తే, ఎక్స్‌ఎంఎల్‌లో వెతకడానికి 1999 నవంబరులో వచ్చిన క్వెరీ భాష ఎక్స్‌పాత్ 1.0 నియమం ప్రకారం దానర్థం ‘ఏ నేమ్‌స్పేస్‌కూ చెందని ప్లేస్‌మార్క్’. ‘ఏ నేమ్‌స్పేస్‌దైనా సరే’ అని కాదు, ‘ఫైల్లో ఉన్న డిఫాల్ట్ తీసుకో’ అని కూడా కాదు. ఇంటిపేరే లేని శ్రీనివాస్ కావాలని అడిగారు, ఊళ్లో అలాంటివాడు లేడు, ఖాళీ లిస్టు ఇచ్చింది. ఎర్రర్ ఎందుకివ్వలేదని మీరు విసుక్కున్నారు గానీ ఇందులో తప్పేమీ లేదు, అడిగినదానికి సరైన జవాబే అది. ఎలిమెంట్‌ట్రీలో ఉన్నది పూర్తి ఎక్స్‌పాత్ కాదు, అందులో ఒక ముక్క మాత్రమే. ఈ విషయంలో మాత్రం అదే నడవడిక.

ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టి స్టైల్‌షీట్లు రాసేవాళ్లకూ ఇదే దెబ్బ. స్టైల్‌షీట్ పైన డిఫాల్ట్ నేమ్‌స్పేస్ పెట్టాం కదా, మ్యాచ్ ప్యాటర్న్‌కూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. అక్కడి డిఫాల్ట్ బయటికి వెళ్లే ఎలిమెంట్లకు పనిచేస్తుంది, ఉదాహరణకు ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ రాసేటప్పుడు. లోపలికొచ్చే ఫైలు కెఎంఎల్ అయితే దాని సంగతి వేరుగా చెప్పాలి. ఈ బాధ పడలేకే 2007లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 2.0లో ఎక్స్‌పాత్ క్వెరీల కోసం ప్రత్యేకంగా ఒక డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఆట్రిబ్యూట్ పెట్టారు. పైథాన్ కూడా 3.8 వెర్షన్ నుంచి ఫైండాల్ పట్టికలో ఖాళీ స్ట్రింగును ప్రిఫిక్స్‌గా ఇవ్వనిస్తుంది. అలా ఇస్తే ఉత్త ‘ప్లేస్‌మార్క్’ కూడా దొరుకుతుంది. కానీ అదే పట్టిక ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వారి ఎక్స్‌పాత్ మెథడ్‌కు ఇచ్చారో, ఖాళీ ప్రిఫిక్స్ కుదరదని టైప్ ఎర్రర్ కొడుతుంది. రెండు లైబ్రరీల మధ్య కోడు అటూ ఇటూ తిరుగుతుందనుకుంటే ఆ సౌకర్యం జోలికి పోకండి. ‘చె’ లాంటిది ఒకటి పెట్టుకుంటే ఎక్కడైనా నడుస్తుంది.

మీ రెండో ప్రశ్న: ఫైల్లో ‘కెఎంఎల్’ ప్రిఫిక్స్ ప్రకటించి ఉన్నా క్వెరీకి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే ఫైలు పట్టిక వేరు, క్వెరీ పట్టిక వేరు. ఫైలు రాసినవాళ్లు వాళ్ల సౌకర్యానికి పెట్టుకున్న ఇనీషియల్స్ అవి. రేపు గూగుల్ ఎర్త్ ఆ ప్రిఫిక్స్ మార్చేసినా, ఇంకో సాఫ్ట్‌వేర్ అసలు ప్రిఫిక్సే లేకుండా రాసినా ఫైలు అర్థం మారదు. క్వెరీ గనక ఫైల్లోని ప్రిఫిక్స్‌ల మీద ఆధారపడితే, అర్థం మారని చోట మీ ప్రోగ్రాం విరిగిపోతుంది. అందుకే క్వెరీ రాసేవాళ్లు తమ పట్టిక తామే తెచ్చుకోవాలి. పైథాన్‌లో డిక్షనరీ ఇస్తాం, జావాలో నేమ్‌స్పేస్‌కాంటెక్స్ట్ అనే ఇంటర్‌ఫేస్ రాసిస్తాం, డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేస్‌మేనేజర్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విత్ ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ అనే క్లాజు. పేర్లు వేరైనా అన్నీ చేసేది ఒకటే, ఇనీషియల్‌కు ఇంటిపేరు చెప్పడం. ఎలిమెంట్‌ట్రీ అయితే చదివేటప్పుడే ఫైల్లోని ప్రిఫిక్స్‌లను పారేస్తుంది. ఏమేం ప్రకటించారో చూడాలనిపిస్తే ఐటర్‌పార్స్‌కు స్టార్ట్-ఎన్‌ఎస్ అనే ఈవెంట్ అడగండి, వరసగా చెప్తుంది. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వాటిని ఎన్‌ఎస్‌మ్యాప్‌లో దాచి ఉంచుతుంది. కొందరు ఆ ఎన్‌ఎస్‌మ్యాప్‌నే తీసి నేరుగా క్వెరీకి ఇచ్చేస్తారు. నాకు నచ్చదు. ఎదుటివాడి ఇనీషియల్స్ మీద మళ్లీ ఆధారపడ్డట్టే.

జావా వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ మామూలుగా నేమ్‌స్పేస్‌లను పట్టించుకోదు, సెట్‌నేమ్‌స్పేస్‌అవేర్ అని మీరే ఆన్ చేయాలి. ఆఫ్‌లో ఉన్నప్పుడు ప్రిఫిక్స్ లేని క్వెరీ పనిచేసినట్టే కనిపిస్తుంది. ఏడాది తర్వాత ఇంకెవరో వేరే అవసరానికి ఆన్ చేస్తారు, పాత క్వెరీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి. మొదటి రోజే ఆన్ చేసుకోండి.

మీ మిత్రుడి పాత ఫైలు సంగతి. దాని రూట్.ట్యాగ్ ప్రింట్ చేస్తే దాదాపు కచ్చితంగా ఓపెన్‌జిఐఎస్ చిరునామా ఉండదు, ఎర్త్.గూగుల్.కామ్ స్లాష్ కెఎంఎల్ స్లాష్ 2.0 గానీ 2.1 గానీ ఉంటుంది. కెఎంఎల్ మొదట కీహోల్ అనే కంపెనీది, పేరులో మొదటి అక్షరం దానిదే. 2004లో గూగుల్ ఆ కంపెనీని కొంది, తర్వాత నేమ్‌స్పేస్ గూగుల్ చిరునామా మీద నడిచింది. 2008లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం కెఎంఎల్ 2.2ను ప్రమాణంగా ఆమోదించాక చిరునామా ఓపెన్‌జిఐఎస్‌కు మారింది. మధ్యలో 2.2 అని ఉండి గూగుల్ చిరునామాతో ఉన్న ఫైళ్లు కూడా తగులుతాయి. మనిషి కంటికి అన్నీ ప్లేస్‌మార్క్‌లే. మ్యాచింగ్‌కు మాత్రం ఇంటిపేరు మారితే మనిషే మారినట్టు.

ఇక్కడ సడలింపు ఏమాత్రం ఉండదు. నేమ్‌స్పేస్ యూఆర్‌ఐలను ఉత్త స్ట్రింగుల్లా పోలుస్తారు. చివర ఒక స్లాష్ ఎక్కువైతే వేరే నేమ్‌స్పేస్. పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడితే వేరే నేమ్‌స్పేస్. ఆ చిరునామాను బ్రౌజర్లో తెరిస్తే ఏమొస్తుందన్నది పోలికకు సంబంధమే లేదు, పార్సర్ అక్కడికి వెళ్లదు, అక్కడ ఏ పేజీ లేకపోయినా పర్వాలేదు. మరి వెబ్ చిరునామా వేషం ఎందుకంటే, డొమైన్ ఎవరిదో వాళ్లే వాడతారు కాబట్టి ఇద్దరు ఒకే పేరు పెట్టుకునే ప్రమాదం తప్పుతుందని.

దీని మీద నేను తిన్న దెబ్బ ఒకటి ఉంది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట సెక్యూరిటీ ఆడిట్ జరిగింది. కోడులో హెచ్‌టిటిపి అన్నచోటల్లా హెచ్‌టిటిపిఎస్ చేయమన్నారు. కొత్తగా చేరిన ఒకబ్బాయి రెపోజిటరీ మొత్తం మీద ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేశాడు. రివ్యూ చేసింది నేనే, నాలుగువందల లైన్ల మార్పు చూసి కళ్లు తిరిగి సరే అనేశాను. కంపైల్ అయింది. రాత్రి జాబ్ నడిచింది, పచ్చగానే ముగిసింది. ఎస్ అక్షరం చేరిన నేమ్‌స్పేస్‌తో ఏ ఎలిమెంటూ దొరకలేదు కాబట్టి ప్రాసెస్ చేయాల్సినవి సున్నా, సున్నా రికార్డులనూ విజయవంతంగా ప్రాసెస్ చేసింది. మూడో రోజు అకౌంట్స్ వాళ్లు రిపోర్టు తెల్లగా ఉందేంటని ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. అప్పట్నుంచి ఖాళీ లిస్టు వస్తే ఆగిపోయి అరిచేలా రాస్తున్నాను.

ఇప్పుడు ఆ 215వ పేరు. నాకు ఇష్టమైన భాగం ఇది. లోకల్‌నేమ్ చిట్కా అంటే ఇంటిపేరు వదిలేసి ‘శ్రీనివాస్ అనే పేరున్న ప్రతివాడూ రండి’ అనడం. మీరు ప్రతి ప్లేస్‌మార్క్ లోపల, ఎంత లోతునైనా, ‘నేమ్’ అనే ఎలిమెంట్ కావాలని అడిగారు. కెఎంఎల్‌లో చెరువు పేరు ఉండేది నేమ్ ఎలిమెంట్‌లోనే, నిజమే. కానీ ప్లేస్‌మార్క్ లోపల రచయిత వివరం పెట్టుకోవడానికి ఆటమ్ నుంచి ‘ఆథర్’ అనే ఎలిమెంట్‌ను కెఎంఎల్ అరువు తెచ్చుకుంది. దాని లోపల రచయిత పేరు ఉండేది ఆటమ్ వారి ‘నేమ్’లో. ఫైల్లో ఇలా ఉంటుంది:

<ప్లేస్‌మార్క్>
  <నేమ్>పెద్ద చెరువు</నేమ్>
  <ఆటమ్:ఆథర్>
    <ఆటమ్:నేమ్>...</ఆటమ్:నేమ్>
  </ఆటమ్:ఆథర్>
</ప్లేస్‌మార్క్>

ఒక ప్లేస్‌మార్క్ మీరు వేరేవాళ్ల మ్యాప్ నుంచి కాపీ చేసుకుని ఉంటారు, దానితోపాటు ఆ మ్యాప్ వేసినాయన పేరు కూడా వచ్చి మీ చెరువుల జాబితాలో చేరింది. మీ 215 పేర్లలో చెరువులా వినిపించని పేరు ఒకటి ఉంటుంది, వెతకండి. రెండు ‘నేమ్’లు ఒకే ఫైల్లో గొడవ పడకుండా ఉండటానికే 1999 జనవరిలో నేమ్‌స్పేస్‌ల ప్రమాణం వచ్చింది. లోకల్‌నేమ్ వాడటమంటే ఆ ఏర్పాటునంతా పక్కకు నెట్టడమే. పైథాన్ 3.8లో వచ్చిన మీసాల బ్రాకెట్ల మధ్య నక్షత్రం గుర్తు (ఆస్టరిస్క్), ఎక్స్‌పాత్ 2.0లోని నక్షత్రం గుర్తు, కోలన్, పేరు వరస, ఇవి కూడా చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ చేసే పని అదే. తెలియని ఫైలును చేత్తో తడుముతున్నప్పుడు నేనూ వాడతాను. రోజూ నడిచే ప్రోగ్రాంలో వాడను. తప్పదంటే లోకల్‌నేమ్‌తోపాటు నేమ్‌స్పేస్-యూఆర్‌ఐ షరతు కూడా జోడించండి. పొడవుగా ఉంటుంది గానీ సరైనదే వస్తుంది.

ఇంటిపేరు పోలిక ఒకచోట చెడుతుంది. తండ్రి ఇంటిపేరు పిల్లలకు వస్తుందని అనుకుని అదే నియమం ఇక్కడా అంటించకండి. మీరు జిపిఎస్ పట్టుకుని చెరువు కట్ట మీద నడిచి ట్రాక్ రికార్డు చేశానన్నారు కదా, దాని కెఎంఎల్ తెరవండి. ‘జిఎక్స్:ట్రాక్’ అనే ఎలిమెంట్ లోపల సమయం చెప్పే ‘వెన్’, స్థానం చెప్పే ‘జిఎక్స్:కోఆర్డ్’ ఉంటాయి. తల్లి ఎలిమెంట్ గూగుల్ ఎక్స్‌టెన్షన్‌ది. వెన్‌కు ప్రిఫిక్స్ లేదు కాబట్టి అది డిఫాల్ట్ అయిన ఓపెన్‌జిఐఎస్‌కు చెందుతుంది, జిఎక్స్‌కు కాదు. పక్కపక్కన ఉన్న ఇద్దరు పిల్లలు, చెరో ఇంటిపేరు. పిల్లలకు సంక్రమించేది ప్రకటన మాత్రమే, అంటే ‘ఈ ఇనీషియల్‌కు ఈ అర్థం’ అనే సమాచారం. ఇంటిపేరు ఏదన్నది ప్రతి ట్యాగ్ తన ప్రిఫిక్స్‌ను బట్టి, లేకపోతే అక్కడ చెల్లుతున్న డిఫాల్ట్‌ను బట్టి, తానే తేల్చుకుంటుంది. మీ పట్టికలో రెండు వరసలు పెట్టుకోవాలి, ఒకటి కెఎంఎల్‌కు, ఒకటి జిఎక్స్‌కు. అన్నట్టు, జిఎక్స్:కోఆర్డ్‌లో అంకెల మధ్య ఖాళీలుంటాయి, మామూలు కోఆర్డినేట్స్‌లో కామాలుంటాయి. రెంటిలోనూ రేఖాంశమే ముందు. ఇది నేమ్‌స్పేస్ సంగతి కాదు గానీ మీరు తర్వాత అడగబోయే ప్రశ్న ఇదే.

ఇదే సంగతి ఇంకా ముదిరిన రూపంలో మన దేశంలో చూడాలంటే యూపీఐ మెసేజ్‌లు చూడాలి. బ్యాంకులకూ, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకీ మధ్య తిరిగే రిక్వెస్టులో రూట్ ఎలిమెంట్‌కు మాత్రమే ‘యూపీఐ’ ప్రిఫిక్స్ ఉంటుంది: యూపీఐ:రిక్‌పే. లోపలి హెడ్, మెటా, టెక్స్ఎన్, పేయర్, పేయీలకు ప్రిఫిక్స్ ఉండదు, డిఫాల్ట్ ప్రకటనా ఉండదు. అంటే అవి ఏ నేమ్‌స్పేస్‌కూ చెందవు. ఫైలు నిర్మాణం ఎలా ఉండాలో చెప్పే స్కీమాలో ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్ అనే సెట్టింగు క్వాలిఫైడ్ అని పెట్టకపోతే లోపలి ఎలిమెంట్లు ఇలాగే ఉంటాయి. ఫిన్‌టెక్‌లో చేరిన కొత్త పిల్లలు కెఎంఎల్ లాంటి ఫైళ్ల అలవాటుతో అన్నిటికీ ప్రిఫిక్స్ తగిలించి, ‘యూపీఐ:హెడ్’ అని వెతికి ఖాళీ చేతులతో వస్తారు. అక్కడ రూట్‌కు ప్రిఫిక్స్, లోపలివాటికి ఉత్త పేరు. మీ కెఎంఎల్‌లో తప్పయిన క్వెరీ అక్కడ ఒప్పు. ప్రిఫిక్స్ పెట్టాలా వద్దా అనేదానికి సూత్రం బట్టీ పట్టకండి, ఆ ఎలిమెంట్ ట్యాగ్ ప్రింట్ చేసి చూసుకోండి.

ఆట్రిబ్యూట్ల గురించి కొంచెమే. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఆట్రిబ్యూట్లకు వర్తించదు. ప్లేస్‌మార్క్ మీద ఉన్న ఐడి అనే ఆట్రిబ్యూట్‌కు ఇంటిపేరు లేదు, కాబట్టి ఉత్త ‘ఐడి’ అనే అడగాలి. ‘చె:ఐడి’ అంటే దొరకదు. ఎక్స్‌ఎంఎల్:లాంగ్ లాంటివి ప్రిఫిక్స్‌తోనే వస్తాయి. ఆ ‘ఎక్స్‌ఎంఎల్’ ప్రిఫిక్స్ పుట్టుకతోనే ముడిపడి ఉంటుంది, ఎవరూ ప్రకటించక్కర్లేదు.

మార్పులు చేసి ఫైలు తిరిగి రాస్తానన్నారు కాబట్టి ఇది కూడా. ఎలిమెంట్‌ట్రీ ప్రిఫిక్స్‌లు పారేస్తుందని చెప్పాను కదా, రాసేటప్పుడు సొంతంగా ఎన్‌ఎస్0, ఎన్‌ఎస్1 అని పెట్టుకుంటుంది. మీ ఫైలంతా ఎన్‌ఎస్0:ప్లేస్‌మార్క్ అయిపోతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అర్థం చెడదు. పాతవి కావాలంటే రాసేముందు రిజిస్టర్‌_నేమ్‌స్పేస్‌కు ఖాళీ స్ట్రింగ్, ఓపెన్‌జిఐఎస్ చిరునామా ఇవ్వండి, జిఎక్స్, ఆటమ్‌లకూ అలాగే. ఇది రాయడానికే పనికొస్తుంది, వెతకడానికి మళ్లీ పట్టిక ఇవ్వాల్సిందే. ఇక్కడ చాలామంది పొరబడతారు.

‘ప్రిఫిక్స్ ఏదైనా ఒకటే’ అని ఇంత చెప్పాక, అది చెల్లని చోట్లు రెండున్నాయని కూడా చెప్పాలి. ఒకటి, ప్రిఫిక్స్ ట్యాగ్‌లో కాక విలువలో ఉన్నప్పుడు. ఎక్స్‌ఎస్‌ఐ:టైప్ అనే ఆట్రిబ్యూట్ విలువగా ఎక్స్‌ఎస్:స్ట్రింగ్ అని ఉంటుంది. ఆ విలువ పార్సర్‌కు ఉత్త టెక్స్ట్. ఎలిమెంట్‌ట్రీ తిరిగి రాసేటప్పుడు ఎక్స్‌ఎస్ అనే ప్రకటనను ఏ ట్యాగూ వాడలేదని వదిలేస్తుంది, విలువలో ఉన్న ఇనీషియల్‌కు అర్థం చెప్పేవాళ్లు లేకుండా పోతారు. ఇంకొకటి, డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్లు. సంతకం చేసేముందు ఫైలును ఒక ప్రామాణిక రూపంలోకి తెస్తారు, మామూలుగా వాడే పద్ధతుల్లో ఆ రూపంలో ప్రిఫిక్స్‌లు యథాతథంగా ఉంటాయి. ఒక్క ప్రిఫిక్స్ మార్చినా సంతకం సరిపోదు. యూపీఐ మెసేజ్‌ల మీద సంతకం ఉంటుంది కాబట్టి వాటిని పార్స్ చేసి ఎలిమెంట్‌ట్రీతో తిరిగి రాసి పంపితే అవతల తిరస్కరిస్తారు. మీ చెరువుల ఫైలుకు ఈ రెండూ వర్తించవు.

ఇక మీ ఫోల్డర్లో కొత్తవీ పాతవీ కలిసి ఉన్న ఫైళ్లకు నేనైతే ఇలా రాస్తాను. ముందు రూట్.ట్యాగ్ లోంచి యూఆర్‌ఐని విడదీస్తాను. నేను ఒప్పుకునే నాలుగు యూఆర్‌ఐల జాబితా ఒకటి పెట్టుకుంటాను: ఓపెన్‌జిఐఎస్ 2.2, గూగుల్ 2.0, 2.1, 2.2. ఫైల్లోది ఆ జాబితాలో ఉంటే దాన్నే పట్టికలో ‘చె’కు కడతాను, క్వెరీలు ఒక్క అక్షరం మార్చకుండా అన్ని ఫైళ్లకూ నడుస్తాయి. జాబితాలో లేకపోతే ఫైలు పేరు, ఆ యూఆర్‌ఐ చూపించి ప్రోగ్రాం ఆపేస్తాను.

యూఆర్‌ఐ = రూట్.ట్యాగ్.స్ప్లిట్('}')[0].స్ట్రిప్('{')
యూఆర్‌ఐ ఒప్పుకున్నవాటిలో లేకపోతే: ఎర్రర్
పట్టిక = {'చె': యూఆర్‌ఐ, 'జిఎక్స్': గూగుల్_ఎక్స్‌టెన్షన్}
ప్రతి ప్లేస్‌మార్క్‌కు: పేరు = ప్లేస్‌మార్క్.ఫైండ్‌టెక్స్ట్('చె:నేమ్', నేమ్‌స్పేసెస్=పట్టిక)

చివరి లైన్లో ముందు చుక్కా, రెండు స్లాష్‌లూ లేవు చూడండి. ప్లేస్‌మార్క్‌కు నేరుగా పిల్ల అయిన నేమ్ మాత్రమే కావాలి కాబట్టి. రూట్‌కు అసలు నేమ్‌స్పేసే లేని ఫైలు కూడా ఎప్పుడో ఒకటి తగులుతుంది, చేత్తో రాసినవాళ్లు ఆ ప్రకటన మర్చిపోతారు. అలాంటప్పుడు స్ప్లిట్ మీద మొదటి ముక్కగా ‘కెఎంఎల్’ అనే ట్యాగ్ పేరే వస్తుంది, అది జాబితాలో ఉండదు, ప్రోగ్రాం ఆగుతుంది. ఆగనివ్వండి, ఆ ఫైలు చూసి సరిచేయండి.

మీ మూడో ఫైలు కెఎంజెడ్ కదా, దానికి నేమ్‌స్పేస్‌తో ఏ గొడవా లేదు. అది జిప్ ఫైలు. జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో విప్పితే లోపల మామూలుగా డాక్.కెఎంఎల్ అని ఉంటుంది, దాన్ని పైన చెప్పినట్టే చదవండి. పార్సర్ మొదటి లైన్లోనే ఎర్రర్ కొట్టిందన్నారు కదా, జిప్ బైట్లను ఎక్స్‌ఎంఎల్ అనుకుని చదవబోయింది, అందుకు.